మాకు లేని దీపావళి

నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. ఏ పండుగ దగ్గరపడినా ఉదయం ప్రేయర్లో మైకు నా చేతికే వస్తుంది. ఆ పండుగ ఎలా పుట్టింది, ఇంకే దేశంలోనైనా అలాంటిది ఉందా అన్నది పిల్లలకు ఐదు నిమిషాల్లో చెప్పాలి. నాకేమో మొదలుపెడితే ఆపడం రాదు. మెక్సికోలో పోయినవాళ్ళ కోసం బంతిపూలు పరుస్తారనీ, ఆ పూల వాసన పట్టుకుని వాళ్ళు ఇంటికి వస్తారని నమ్ముతారనీ చెబుతుంటే పిల్లలు ఎండని కూడా మరిచిపోతారు. జపాన్‌లో పితరుల్ని సాగనంపడానికి నీళ్ళలో దీపాలు వదులుతారంటే, "మన కార్తీక దీపాల్లాగేనా టీచర్?" అని వెనక వరసలోంచి ఎవరో ఒకరు అరుస్తారు. ఐర్లండులో కోతలైపోయి చలి మొదలయ్యే రోజున ఆత్మలు తిరుగుతాయని పెద్ద పెద్ద మంటలు వేసుకునేవారట. ఇప్పుడు టీవీలో చూపించే హాలోవీన్‌కి మూలం అదేనంటారు. ఇదంతా చెబుతుంటే ప్రిన్సిపాల్‌గారు వాచీ చూసుకుంటారు. నేను చూడనట్టే ఉంటాను.

ఇన్ని దేశాల పండుగలు వల్లించే నేను దీపావళి దగ్గరికొచ్చేసరికి ఐదు నిమిషాల లోపే ముగించేస్తాను. చెబుతాను, బాగానే చెబుతాను. కానీ మా ఇంటికి దీపావళి లేదు. ఆ సంగతి ఆ పిల్లలకు తెలియదు.

మాది గుండుగొలను దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఊరు. వరి చేలకంటే చేపల చెరువులే ఎక్కువ. నా పెళ్ళినాటికే మామగారు లేరు. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, మరిది. మరిది అంటే నాకు తమ్ముడి లెక్క. వాడికి పండుగలన్నిట్లోకీ దీపావళి ఇష్టం. మతాబులు ఇంట్లోనే కూరేవాడు. చేతులకి ఆ మందు నలుపు వారం దాకా పోయేది కాదు. ఒక దీపావళి నాడు మధ్యాహ్నం మబ్బు పట్టింది. చెరువులో చేపలు గాలాడక పైకి తేలుతున్నాయని కాపలావాడు ఫోన్ చేశాడు. డాబా మీద ఎండబెట్టిన మతాబులు లోపల పెట్టమని నాకు చెప్పి, "వచ్చి తింటానమ్మా" అని వాళ్ళమ్మకు చెప్పి బండి తీశాడు. గట్టు మీద నీళ్ళకి గాలి కొట్టే మోటారు ఆన్ చేయబోయి కరెంటు కొట్టి అక్కడే పడిపోయాడు. మా అమ్మాయికి అప్పటికింకా నడక కూడా రాలేదు.

మా వైపు ఒక ఆచారం ఉంది. ఏ పండుగ నాడైతే ఇంట్లో మనిషి పోతాడో, ఆ పండుగ ఆ ఇంటికి పోయినట్టే. మరుసటి ఏడు నుంచి ఆ రోజు దీపం పెట్టకూడదు, పిండివంట చేయకూడదు, కొత్త బట్ట కట్టకూడదు. మిగతా పండుగలన్నీ మామూలే. ఆ ఒక్కటీ లేదు. ఎవరైనా అడిగితే "ఆ పండగ మాకు లేదండీ" అంటారు, అవతలివాళ్ళు ఇంకేమీ అడగరు. పోయిన పండుగ తిరిగి రావాలంటే ఒకటే దారి. సరిగ్గా అదే పండుగ నాడు ఆ ఇంట్లో బిడ్డ పుట్టాలి. బిడ్డ కాకపోతే ఆవు ఈనాలి. అంతే, మరుక్షణం పండుగ వచ్చేసినట్టే. అప్పటికప్పుడు దీపాలు పెట్టేసుకోవచ్చు.

ఈ నియమం ఎవరు పెట్టారో, ఎక్కడ పుట్టిందో నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఏ పండుగకైనా పుట్టుక చెప్పగల మనిషిని, నా ఇంటి పండుగని పట్టుకుపోయిన నియమం పుట్టుక మాత్రం చెప్పలేను. మొదట్లో ఆ పండుగ తిరిగి రావడం నాకూ అక్కర్లేకపోయింది. ఆ రోజు వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. సాయంత్రం కాగానే మా అత్తగారు వీధి తలుపు వేసి, కిటికీలు మూసి, వెనక వసారాలో కూర్చునేవారు. బయట ఊరంతా ఢాంఢాంమని పేలుతుంటే మేం లోపల చీకట్లో నలుగురం నాలుగు మూలల్లో ఉండేవాళ్ళం. దుఃఖంలో ఉన్న ఇంటికి నవ్వమని చెప్పకుండా వదిలేసిన ఆచారం మంచిదేననుకున్నాను.

పిల్ల పెద్దదైంది. కష్టం అక్కడే వచ్చింది.

ఒక ఏడు దీపావళి సాయంత్రం నేను వంటింట్లో ఉండగా అది చప్పుడు కాకుండా పక్కింటికి వెళ్ళిపోయింది. వాళ్ళ పిల్లల చేతిలోంచి ఒక కాకరపువ్వొత్తి తీసుకుని వెలిగించుకుంది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ ఇంటి ఆవిడ దాని చేతిలోంచి ఆ వెలుగుతున్న కాకరపువ్వొత్తిని తీసేసుకుంటోంది. "మీకు లేదు కదమ్మా. మీ మామ్మగారు చూస్తే బాధపడతారు, వెళ్ళు" అంటోంది. ఆవిడ మంచికే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా కూతురు ఖాళీ చెయ్యి అలాగే చాపుకుని నిలబడి ఉంది. ఇంటికి వచ్చాక, "అమ్మా, మనం ఏం తప్పు చేశాం?" అని అడిగింది. స్కూల్లో వందమంది పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పే నేను అన్నం కలిపి దాని ముందు పెట్టాను. ఆ రోజే అనుకున్నాను, ఏం చేసైనా సరే దీపావళిని ఇంటికి తేవాలని.

నాకు మరో కాన్పు పనికిరాదని డాక్టరు అంతకుముందే చెప్పేసింది. మా ఆయనకు వేరే అన్నదమ్ములూ లేరు. కాబట్టి ఆవే దిక్కు. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తుందిగానీ అప్పుడు రాలేదు. మా ఊళ్ళో గేదెలే తప్ప ఆవులు తక్కువ. "గేదె ఈనితే చాలదాండీ?" అని మా పురోహితుణ్ణి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గేదె యముడి వాహనం జాతి కదమ్మా, అది పనికిరాదు. గోవే కావాలి. అదీ మీ గాటికి కట్టి, మీ చేత్తో గడ్డి తిన్నదై ఉండాలి" అన్నాడు. ఇంకోమాట కూడా చెప్పాడు. పంచాంగంలో రోజు పొద్దు పొడుపుతో మొదలవుతుంది గనక దీపావళి నాడు పొద్దు పొడిచాక ఈనితేనే లెక్క. చీకట్లో ఈనితే అది ముందు రోజు కిందికి పోతుంది, అప్పుడు వచ్చేది ఏమీ లేదు.

మా ఆయన చింతలపూడి అవతల నుంచి ఒక చూడి ఆవుని తోలుకొచ్చాడు. ఎర్రావు. నెమ్మదైనదే. మా అత్తగారు దాని నుదుటికి పసుపూ కుంకుమా పెట్టి, వీపు నిమిరి, "ఆవు మంచిదే" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఎందుకు కొన్నామో ఆవిడకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఆవిడ తక్కువ మాటల మనిషి కాబట్టి ఆ మౌనాన్ని నేను సంతోషంగానే లెక్కేసుకున్నాను. కొడుకు పోయిన తల్లికి ఆ రోజు కడుపు మండే రోజు. ఆ మంట చల్లారితే బావుండునని ఆవిడకంటే ఎక్కువ ఎవరికుంటుంది?

ఆ మొదటి ఏడు ఆవు నాగుల చవితి నాడు ఈనింది. దీపావళి వెళ్ళి నాలుగే రోజులు. ఊళ్ళో వాళ్ళు పరామర్శకొచ్చినట్టే వచ్చారు. "అయ్యో, ఆ నాలుగు రోజులూ ముందుకి జరిగితే ఎంత బావుండేదండీ" అని ఒకరు, "పోన్లెండి, నాగుల చవితి మీకు గట్టిపడింది" అని ఒకరు. మాకు నాగుల చవితి ముందు నుంచీ ఉండనే ఉంది మరి. ఆ తర్వాతి ఏడు ఆవు అసలు చూలు కట్టలేదు. మా అమ్మాయి ఆ రెండేళ్ళూ కిటికీ రెక్కల సందులోంచి ఊరి దీపావళి చూసింది. చూసి వచ్చి నాకు చెప్పేది, ఎవరింట్లో ఎన్ని చిచ్చుబుడ్లు కాల్చారో.

ఆ రోజుల్లోనే మా స్కూల్లో ఒక చిన్న సంగతి జరిగింది. నాతో పాటు రైల్లో వచ్చే లెక్కల టీచరు ఏలూరు నుంచి వస్తుంది. వాళ్ళాయనకు అక్కడ టైలరింగ్ షాపుంది. నేను భీమడోలులో ఎక్కేసరికి నాకు కిటికీ పక్కన సీటు ఆపి ఉంచుతుంది. మొహర్రం ముందు రోజు నేను ప్రేయర్లో మైకు పట్టుకుని హుషారుగా "అందరికీ పీర్ల పండుగ శుభాకాంక్షలు" అనేశాను. సాయంత్రం రైల్లో ఆవిడ మెల్లగా అంది.

"ఏమనుకోకండి మేడమ్. దానికి శుభాకాంక్షలు చెప్పరండి. ఊళ్ళో అందరూ పండగంటారు గానీ మా నానమ్మ ఒప్పుకునేది కాదండి. దాహంతో పోయినవాళ్ళని తలుచుకుని పానకం పంచేది. పంచేటప్పుడు మేం నవ్వితే చేతి మీద కొట్టేది."

"మరి పండుగ కాకపోతే ఏమంటారండీ?"

"మా వాళ్ళ రోజు అనేదండి. అంతే."

నేను తల ఊపాను. ఆ తర్వాత నా పాఠంలో ఆ మాట చేర్చుకున్నాను కూడా. పాఠంలో చేర్చుకున్నంత తేలిగ్గా బుర్రలోకి ఎక్కదు ఏదీ.

ఇంకోసారి ఒక ఆదివారం మధ్యాహ్నం మా అత్తగారు రొయ్యలు వలుస్తుంటే పక్కన కూర్చుని చైనా వాళ్ళ పడవల పండుగ గురించి చెప్పాను. ఆవిడకు కథలిష్టం. వెనకటికి ఒక పెద్దమనిషి దేశం చెడిపోతోందన్న దిగులుతో నదిలో దూకి చచ్చిపోయాడట. ఊరివాళ్ళు పడవలేసుకుని వెతికారట. దొరక్కపోయేసరికి, చేపలు ఆయన శవాన్ని ముట్టుకోకుండా అన్నం మూటలు కట్టి నీళ్ళలో వేశారట. అదే ఇప్పుడు పండుగైంది. ఆకుల్లో అన్నం పొట్లాలు ఉడికించుకుని తింటారు, పడవల పందేలు పెట్టుకుంటారు. ఎన్నో వందల ఏళ్ళుగా జరుగుతోంది, చూడండి అత్తయ్యగారూ, ఒక్క మనిషి చావు ఎంత పెద్ద పండుగైందో అన్నాను.

ఆవిడ చేతిలో రొయ్య అలాగే ఉంది. "ఆయనకి తల్లుందా?" అని అడిగారు.

తెలియదన్నాను. కథలో తల్లి లేదు.

"ఆ పందేలప్పుడు నవ్వుకుంటారా?"

"పందేలంటే నవ్వులూ కేకలూ ఉంటాయి కదండీ."

"మరి అప్పుడు ఆయన్నెవరు తలుచుకుంటారు?" అని, నా జవాబు కోసం ఆగకుండా వలిచిన రొయ్యలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. చైనా సంగతులు ఆవిడకు పట్టలేదనుకున్నాను నేను.

మూడో ఏడు మాత్రం ఏ పొరపాటూ జరగకూడదనుకున్నాం. జనవరి నెలాఖరులో ఆవు ఎదకు రాగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించాం. కట్టింది. తొమ్మిది నెలలూ లెక్క కడితే దీపావళికి అటూ ఇటూగా వస్తోంది. ఇక అప్పటి నుంచి నా బతుకంతా ఆ ఆవు కడుపు చుట్టూ తిరిగింది. స్కూలు నుంచి రాగానే చీర మార్చుకోకుండా పశువుల పాకలోకి వెళ్ళేదాన్ని. తవుడు కలిపి పెట్టేదాన్ని. నిండు చూలాలికి చెప్పినట్టు దాని చెవిలో చెప్పేదాన్ని, "తల్లీ, ఈ ఒక్కసారి నా మాట వినవే" అని. మా ఆయన చూసి నవ్వేవాడు. ఆ నవ్వులోనూ భయమే ఉండేది. మా అమ్మాయి క్యాలెండరులో దీపావళి చుట్టూ ఎర్ర స్కెచ్‌పెన్నుతో గీత గీసి, పక్కన ఆవు బొమ్మ వేసింది. దానికి పదేళ్ళొచ్చాయి. ఈ పదేళ్ళలో ఒక్క కాకరపువ్వొత్తి అయినా చివరిదాకా కాల్చి ఎరగదు.

దీపావళి రెండు రోజులుందనగా ఆవు పొదుగు చేపింది. తోక మొదట్లో గుంటలు పడ్డాయి. మా ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇయ్యాలో రేపో ఈనేసేలా ఉందే" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆలస్యమైతే ఏం చేయాలా అని చచ్చానుగానీ ముందే ఈనేస్తే ఏం చేయాలో ఆలోచించలేదు. పశువుల ఆసుపత్రి కాంపౌండరుకి ఫోన్ చేశాను.

"ఏవండీ, ఈనడం ఒక రెండ్రోజులు ఆపడానికి ఏమన్నా సూది ఉందాండీ?"

"మీకు దూడ కావాలా అమ్మా, తేదీ కావాలా?" అన్నాడు.

"తేదీ కావాలండి" అన్నాను. సిగ్గు పడలేదు. నిజంగా అదే కావాలి నాకు.

అలాంటివి చేయకూడదనీ, తల్లీ పిల్లా రెండూ పోతాయనీ కేకలేసి ఫోన్ పెట్టేశాడు. ఇక చేయడానికేమీ లేదు. ఆవు పక్కన కూర్చుని అది నిలబడితే నిలబడి, పడుకుంటే పడుకుని గడిపాం. మా అత్తగారు మాత్రం ఎప్పటిలాగే పాక ఊడ్చి, గడ్డి వేసి, కుడితి పెట్టి తన పని తాను చేసుకుపోయారు. "అత్తయ్యగారూ, వస్తుందంటారా?" అని అడిగాను ఉండబట్టలేక. "దాని టైము కొస్తే అదే ఈనుద్దమ్మాయ్" అన్నారు. నేను అడిగింది ఆవు గురించి కాదు, పండుగ గురించి.

ఆ మర్నాడు స్కూలు నుంచి వస్తూ తాడేపల్లిగూడెంలో ఒక చిన్న పెట్టెడు బాణాసంచా కొన్నాను. కొనకూడదు, ముందే కొంటే అరిష్టమంటారు. కానీ వస్తే అప్పటికప్పుడు ఎక్కడ తెస్తాం? మా అమ్మాయికి చూపించాను కూడా. అది పెట్టె మూత తీసి, కాకరపువ్వొత్తుల్ని వేలితో తడిమి, మళ్ళీ మూత పెట్టేసింది. "కచ్చితంగా వస్తుందా అమ్మా?" అంది. "వస్తుంది" అన్నాను. ఎవరిచ్చారు నాకు ఆ మాటిచ్చే హక్కు? ఇంకా ఆవు ఈనలేదు, నరక చతుర్దశి గడుస్తోంది, ఆ ఆశ నా తలకెక్కింది.

దీపావళి తెల్లవారింది. రాత్రంతా పాక దగ్గరే ఉన్న మా ఆయన చేపలకి మేత వేసే వేళైందని చీకటితోనే చెరువు మీదికి వెళ్ళాడు. "నువ్వెళ్ళరా, నేను చూస్తాలే" అని మా అత్తగారే పంపించారట. నేను టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి చెరువు గట్టు మీదుగా ఎండ వచ్చి పాక రేకుల మీద పడుతోంది. ఆవు నిలబడి ఉంది. వెనక నీటి బుడ్డ వేలాడుతోంది. దాని పక్కన మా అత్తగారు చీర చెంగు బొడ్లో దోపుకుని, ఆవు నడుం మీద చెయ్యి వేసి నిలుచున్నారు.

"అత్తయ్యగారూ! ఎండొచ్చేసిందండీ! పొద్దు పొడిచేసింది!" అని అరిచాను. గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు. ఇంట్లోకి పరిగెత్తి మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, పడవ మీదున్నాడు. నిద్రపోతున్న పిల్లని లాగి కూర్చోబెట్టి, "లేవవే, పండగొచ్చేసింది" అన్నాను. దానికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత దాని మొహం ఎలా వెలిగిందో చెప్పడం నాకు చేతకాదు. ముఖం కడగకుండా ఆ బాణాసంచా పెట్టె చంకలో పెట్టుకుని నా వెంట పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది.

అప్పటికి దూడ కింద పడింది. పెయ్యదూడ. మా అత్తగారు మోకాళ్ళ మీద కూర్చుని గోనెపట్టాతో దాని ఒళ్ళు తుడుస్తున్నారు. ఆవు వంగి నాకుతోంది. ఇంతలో మా ఆయన బండి వచ్చి ఆగింది. పక్కింటివాళ్ళిద్దరు గోడ మీంచి తొంగి చూశారు. అందరి ముఖాల్లోనూ ఒకటే ప్రశ్న.

"ఎప్పుడమ్మా?" అన్నాడు మా ఆయన.

ఆవిడ తల ఎత్తలేదు. "చీకట్లోనేరా. పొద్దు పొడవకుండానే ఈనేసింది" అన్నారు.

నేను ముందు సరిగా వినలేదేమో అనుకున్నాను. గోడ మీదినుంచి "అయ్యయ్యో, కొద్దిలో పోయిందే" అని వినిపించింది. మా ఆయన వంగి దూడ వీపు మీద చెయ్యి వేశాడు. అదింకా తడిగానే ఉంది. ఆవుకి మాయ కూడా పడలేదు. పశువుల మధ్య పెరిగిన మనిషి, ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు చూశావా?"

పిల్ల నా కళ్ళలోకి చూస్తోంది. చంకలో పెట్టె. ఒక్క మాట చాలు. నేను చూశాను, ఎండ వచ్చాకే ఈనింది, ఇది నిజం. ఆ నిజం కోసం మూడేళ్ళు చచ్చాను. నోరు తెరిచాను. అప్పుడు మా అత్తగారు తల ఎత్తి నన్ను చూశారు. ఆవిడ నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. కాఫీ కావాలన్నా అడగరు, లేచి కలుపుకుంటారు. ఆ చూపులో మాత్రం బతిమాలడం ఉంది. చేతులు రెండూ దూడ మీద అలాగే ఉండిపోయాయి.

"అవునండి. నేనొచ్చేసరికే ఈనేసింది" అన్నాను.

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా అమ్మాయి ఏడవలేదు. "మరి పండగొచ్చిందన్నావు?" అంది. అంతే. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆయన గుంజకు ఆనుకుని చాలాసేపు నిలబడి, ఇంకేమీ అడక్కుండా మళ్ళీ చెరువు మీదికి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నేను ఉడికిపోయాను. మా అత్తగారు మధ్యాహ్నం మొదటి పాలతో జున్ను వండారు. మిరియాలూ బెల్లమూ వేసి, గిన్నెలో పెట్టి మనవరాలికి తీసుకెళ్ళి ఇచ్చారు. అది గోడవైపు తిరిగి పడుకుంది. ముట్టుకోలేదు. ఆవిడ ఆ గిన్నె దాని తల దగ్గర పెట్టి వచ్చేశారు. నాకు ఆవిడ మీద కోపం, నా మీద అసహ్యం. నా కూతురికి అబద్ధం ఆడాను. ఎవరి కోసం? ఎందుకు? అదైనా నాకు తెలియాలి కదా!

సందె పడింది. వీధిలో ఒక్కొక్క గుమ్మం ముందూ దీపాలు పెడుతున్నారు. ఆవిడ ఎప్పటిలాగే వీధి తలుపు వేశారు, కిటికీలు వేశారు. గదిలోంచి అప్పుడు మొదలైంది మా అమ్మాయి ఏడుపు. పొద్దుటి నుంచీ ఆపుకున్నదంతా. ఆవిడ కాసేపు విన్నారు. విని, వసారాలో కూర్చోకుండా పాకలోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను.

"ఎందుకలా చెప్పారండీ?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. "నేను చూశాను. మీరూ చూశారు. ఎండలో ఈనింది. ఆ పిల్ల ఏం పాపం చేసిందండీ?"

ఆవిడ దూడ పక్కన గడ్డి సర్ది కూర్చున్నారు. నేను వెళ్ళకుండా నిలబడ్డాను.

"నరకాసురుడు భూదేవి కొడుకంట గదమ్మాయ్" అన్నారు చివరికి. "వాడు చచ్చిన రోజున అందరూ దీపాలెట్టుకోండని ఆవిడే వరమడిగిందంట. ఆవిడ దేవత. అడగగలదు. నేనడగలేను."

"అడగమనలేదండీ మేము. వాడంటే మాకు మాత్రం ప్రేమ లేదా? పండుగొస్తే వాణ్ణి మర్చిపోతామా?"

"మర్చిపోవాలనే ఎవరూ అనుకోరు." ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఇయ్యాల ఊరంతా దీపాలెడతంటే, మనింటికి మాత్రం ఎందుకు లేవని ఎవరో ఒకళ్ళు అడుగుతారు. ఇంకెవరో వాడి పేరు చెబుతారు. పక్కింటి కొత్తకోడలు పొద్దున అడిగింది, ఎలా ఉండేవాడండీ అని. చెప్పేను. మతాబులు తనే కూరుకునేవాడని చెప్పేను. మనం కూడా దీపాలెట్టేసుకుంటే ఇంకెవరడుగుతారు?"

నేను ఏదో అనబోయాను. ఆవిడ గోనెపట్టా తీసి దూడ మీద కప్పారు.

"వాడికి ఈ ఒక్క రోజే ఉందమ్మాయ్" అన్నారు. "మిగతా రోజులన్నీ మీవేగా. ఇదీ తీసేసుకుంటే వాడెక్కడుంటాడు?"

వీధిలో ఎవరో వెయ్యి టపాకాయల దండ అంటించారు. ఆవు బెదిరి గింజుకుంది. దూడ లేవబోయి కాళ్ళు నిలవక పడింది. ఆవిడ దాని మెడ చుట్టూ చెయ్యి వేశారు. నేను కింద కూర్చుని రెండోవైపు పట్టుకున్నాను. అంత చప్పుడులోనూ గదిలోంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. అది నా బిడ్డ ఏడుపు, నేను లేచి వెళ్ళాలి. వెళ్ళి ఏం చెప్పాలో తెలియక, ఆవిడ పక్కనే చీకట్లో అలాగే కూర్చుండిపోయాను.